తడిగుడ్డ ఆరేలోపు

మా చిన్నమ్మ పోయింది. శ్రావణం మొదట్లో, తెల్లవారుతుండగా, సర్కారు దవాఖానా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అయిపోయింది" అన్నాడు. అంతకు మించి మాట్లాడలేకపోయాడు. నేను అప్పుడు కామాఠిపురాలో, ఒంటిగది ఖోలీలు వరసగా ఉండే మా చాల్ మూడో అంతస్తులో, ఆమె ఖోలీ ముందు గ్యాలరీలో నిలబడి ఉన్నాను. లోపల మంచం మీద ఆమె భర్త, మేమంతా చిన్నాయన అని పిలిచే మనిషి, కళ్ళు తెరిచి నావైపే చూస్తున్నాడు. ఆయన లేచి బయటికి రాలేడు. వెన్ను విరిగి ఇరవై ఏళ్ళు దాటింది. రొమ్ము కింద నుంచి ఆయన ఒంటికి కదలికా లేదు, స్పర్శా లేదు. ఆ వార్త ఆయనకు చెప్పవలసింది నేనే.

గడప దాటేలోపే "పోయిందా?" అని ఆయనే అడిగాడు. తల ఊపాను.

ఆయన ఏడవలేదు. ముఖం ఎర్రగా కమిలిపోయింది. నుదుటి మీద చెమట బొట్లు లేచాయి. "తల పగిలిపోతున్నది బిడ్డా" అన్నాడు. దుఃఖమే అనుకున్నాను. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చెమట మెడ మీదుగా కారసాగింది, కళ్ళు మూతలు పడలేదు, మాట ముద్దగా వచ్చింది. అప్పుడు భయం వేసి దుప్పటి ఎత్తి చూశాను. మూత్రం పోయే పైపు తొడ కింద నలిగిపోయి ఉంది. సంచిలోకి చుక్క దిగడం లేదు. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి ఉంది.

వెన్నులోని నరాలు తెగిన మనిషికి ఇలాంటప్పుడు నొప్పి తెలియదు. కానీ తెగిన చోటుకు కింద ఉన్న ఒళ్ళు బెదిరిపోయి రక్తనాళాలన్నిటినీ బిగించేస్తుంది. బీపీ ఎక్కడికో పోతుంది. ఆపమని మెదడు పంపే కబురు కిందికి చేరదు. కాసేపు అలాగే వదిలేస్తే తలలో రక్తనాళం చిట్లి ప్రాణం పోతుంది. ఆయనను లేపి కూర్చోబెట్టి, పైపు విడిపించాను. సంచి నిండుతున్నకొద్దీ ముఖంలో ఎరుపు దిగింది. పూర్తిగా దిగాక, అప్పుడు ఏడ్చాడు.

భార్య పోయిందన్న వార్తకూ, నలిగిన పైపుకూ ఆ ఒళ్ళు ఒకేలా కనబడింది. చిన్నమ్మ ఉంటే గడపలో నుంచే తేడా పట్టేది. ఆమె పోయిన మొదటి ఘడియలోనే ఆయన కూడా నా చేతుల్లో పోబోయాడు. ఇది చదువుతున్న మీలో ఆమెను ఎరిగినవాళ్ళు ఉండరు. ఆమె ఫొటో ఏ గోడ మీదా లేదు. అందుకని రాస్తున్నాను.

మాకు రక్తసంబంధం లేదు. మా తాత పాలమూరు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చిన్నాయన కూడా ఆ వైపు నుంచే సెంట్రింగ్ పనికి వచ్చి మా పక్క ఖోలీలో దిగాడు. పెళ్ళి చేసుకుని ఆమెను తెచ్చినప్పుడు నేను పదో తరగతి. నాకంటే ఎంతో పెద్దది కాదు. అయినా వరస చిన్నమ్మే. మరుసటి ఏడు ఆయన, కడుతున్న బిల్డింగులో స్లాబు అంచు నుంచి పడ్డాడు. దవాఖానాలో ఒక పెద్దవయసు మలయాళీ సిస్టరు ఆమెను పక్కన నిలబెట్టుకుని అన్నీ నేర్పింది: పైపు ఎట్లా కడగాలి, గంటగంటకు ఏ పక్కకు తిప్పాలి, ముఖం ఎర్రబడితే ముందు ఏం చూడాలి. ఎండాకాలం జాగ్రత్త అని మరీ మరీ చెప్పిందట.

ఎందుకంటే ఆయనకు చెమట పట్టదు. భుజాలకూ ముఖానికీ పడుతుంది, కింద ఒళ్ళంతా పొడిగా కాలిపోతుంది. మనకు ఎండ తగిలితే మెదడు అడుగున ఉన్న చిన్న భాగం పసిగట్టి నరాల ద్వారా చర్మానికి కబురు పెడుతుంది. చెమట పడుతుంది, రక్తనాళాలు వెడల్పవుతాయి, వేడి బయటికి పోతుంది. చలేస్తే వణుకు పుడుతుంది. ఆయన విషయంలో ఆ కబురు సగం దారిలోనే ఆగిపోతుంది. చిన్నమ్మ తడిగుడ్డతో తుడిచేది. చేతి వెనకవైపు ఆయన మెడకు ఆనించి, తర్వాత పొట్టకు ఆనించి, రెండూ పోల్చుకునేది. మాట్లాడుతున్నా, బియ్యం ఏరుతున్నా, ఎవరితోనో తగువాడుతున్నా, ఆ చెయ్యి మధ్యలో వెళ్ళి వచ్చేది.

నేను మున్సిపల్ బడిలో సైన్సు చెబుతాను. సాయంత్రం గ్యాలరీలో చాల్ పిల్లలకు ట్యూషన్ పెట్టేదాన్ని. అక్కడే ఒక మూల స్టవ్ పెట్టుకుని చిన్నమ్మ జొన్నరొట్టెలు తట్టేది. మన వైపు నుంచి వచ్చే కూలీలు వచ్చి కొనుక్కుపోయేవారు. లోపల వండితే ఖోలీ వేడెక్కి ఆయనకు పడదు. ఒకరోజు పిల్లలకు నరాల పాఠం, గ్రంథుల పాఠం కలిపి చెబుతున్నాను. ఆకలేస్తే కాలేయం దాచిన చక్కెరను ఎలా వదులుతుందో, ఎక్కువైతే క్లోమం ఇన్సులిన్ పంపి ఎలా తగ్గిస్తుందో, నీళ్ళు తక్కువైతే దాహం ఎందుకేస్తుందో బోర్డు మీద బాణాలు గీసి చూపిస్తున్నాను. ఆమె రొట్టె తట్టడం ఆపి వింటోంది.

"గివన్ని వాటంతట అవే అయితయా? ఎవ్వలు చెప్పకుండనే?" అని అడిగింది.

"అవు చిన్నమ్మా. నిద్రల గూడ అయితయి."

ఆమె తలుపులోంచి మంచం వైపు కాసేపు చూసింది. "మంచిగున్నది. మీరు పండుకున్నా నడుస్తదన్నట్టు" అని, రొట్టెను పెనం మీద వేసింది.

బయటికి పోవాలంటే ఆమెకు గడియారంతో పని లేదు. ఆయన ఒంటి మీద తడిగుడ్డ పరిచి, అది ఆరేలోపు తిరిగి రావాలి. వానాకాలం గుడ్డ ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి అప్పుడు దూరం పోగలిగేది. ఎండాకాలం పక్కనున్న ఫోరస్ రోడ్ దాకా పోయి కూరగాయలు తేవడమే గగనం. ఒక ఏడు వైశాఖంలో దాదర్‌లో తెలుగువాళ్ళ హాలులో మా బంధువుల పెళ్ళి. నేనే బలవంతం చేసి తీసుకుపోయాను. తమ్ముణ్ణి ఆయన దగ్గర కూర్చోబెట్టి వచ్చాం. అయినా ఆమెకు మనసు నిలవలేదు. బంతిలో కూర్చుంది, విస్తరిలో పప్పు పడింది. లేచి నిలబడింది.

"ఏమైంది?"

"గుడ్డ ఎండిపోయి ఉంటది."

"తమ్ముడున్నడు కద. తడుపుతడు."

"తడుపుతడు గాని పిండడు. నీళ్ళు పరుపుల నిల్వ ఉంటయి, పుండ్లు లేస్తయి."

వడ్డించేవాడు సాంబారు గిన్నెతో అలాగే నిలబడిపోయాడు. ఇద్దరం పట్టుచీరల్లో స్టేషన్‌కు పరుగెత్తాం. ఇంటికి వచ్చి చూస్తే తమ్ముడు గుడ్డను చక్కగా పిండి కప్పి ఉంచాడు. చిన్నమ్మ కొంగు దోపుకుని ముగ్గురికీ అన్నం వండింది.

పుట్టింటివాళ్ళు ఆమెను ఎన్నోసార్లు రమ్మన్నారు. నీకు ఇంకా వయసుంది, ఆయనను ఎక్కడైనా ఆశ్రమంలో పెడదాం అన్నారు. ఎందుకు పోలేదని ఒకసారి అడిగాను. ఆమె గొప్పలకు పోయే మనిషి కాదు.

"పోదామనే బట్టలు సర్దుకున్న. గా దినం కరెంటు పోయింది. ఈయన ఒళ్ళు పెనం లెక్క అయింది. ఇట్ల ఇడిచి ఎట్ల పోవాలె, రేపు పోదాం అనుకున్న." తడిగుడ్డ పిండుతూ, "గా రేపు ఇంక రాలే" అంది. నవ్వుతూ అనలేదు, ఏడుస్తూనూ అనలేదు.

కిందటి ఎండాకాలంలో మా గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మధ్యాహ్నం ఫ్యాన్లు ఆగిపోయాయి. చాల్ పైకప్పు రేకుల కింద గాలి ఆడలేదు. సాయంత్రానికి కొళాయిలో నీళ్ళు కూడా వేడిగా వస్తున్నాయి. చిన్నాయన మొదట నీళ్ళడిగాడు, తర్వాత ఏవో తలాతోకా లేని మాటలు మాట్లాడాడు, చచ్చిపోయిన తన అన్నను పిలిచాడు. ఒళ్ళు ముట్టుకుంటే చెయ్యి వెనక్కి వచ్చేసింది. చిన్నమ్మ గ్యాలరీలోకి వచ్చి, ఎవరినీ ఉద్దేశించకుండా "మంచుగడ్డ కావాలె" అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు దిగి పరుగెత్తాం. లస్సీ దుకాణంలో ఉన్నదంతా గోనెసంచిలో తెచ్చాం. ఆమె ఆయన చంకల్లో, గజ్జల్లో గుడ్డల్లో చుట్టిన మంచు పెట్టి, అంతలోనే మళ్ళీ తీస్తూ, చర్మం కమిలిందేమో చూస్తూ, ఊపిరి తీసుకోకుండా పని చేసింది. మేమంతా అట్టముక్కలతో విసిరాం. దీపాలు పెట్టే వేళకు ఆయన ఆమెను గుర్తుపట్టి, "ఏందే గింత మంది?" అన్నాడు. ఆమె గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుండిపోయింది.

అప్పటికే ఆమెకు షుగరు ఉంది. పెనం అంచు తగిలి కాలిన వేలు ఎంతకీ మానకపోతే పరీక్ష చేయించాను. మాత్రలతో లొంగలేదు. ఇన్సులిన్ సూదులు రాశారు. సీసా మా ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి తీసుకుపోయేది. ఆయన ఒంట్లో నరాల మాట చేరదు, ఆమె ఒంట్లో హార్మోను చాలదు. ఇద్దరి ఒళ్ళూ బయటి నుంచి నడిపించుకోవలసినవే. ఆమె ఆయన ఒంటిని ఎన్నడూ మరవలేదు. తన ఒంటి సంగతే ఎప్పుడూ వెనక పడేది.

ఒకరోజు పొద్దున సూది వేసుకుని, తినబోతుండగా ఆయన పైపు మూసుకుపోయింది. దాన్ని సరిచేసి, కడిగి, పరుపు మార్చేసరికి తిండి సంగతి మరిచిపోయింది. షుగరు పడిపోయి గ్యాలరీలో కూలబడింది. మంచం మీంచి ఆయనకు ఆమె చెయ్యి మాత్రం కనబడుతోందట. లేవలేడు, పాకలేడు. ఫోన్ ఆమె దగ్గరే ఉంది. స్టీలు గ్లాసు తీసుకుని మంచం కోడుకు కొడుతూ అరిచాడు. తమ్ముడి భార్య, మా మరదలు, విని పరుగెత్తి వచ్చి నోట్లో చక్కెర పోసింది. లేచాక చిన్నమ్మ తన సంగతి ఏమీ అడగలేదు. "ఆయన గొంతు బొంగురుపోయింది, జర నీళ్ళు తాగించు" అంది.

ఆ పడిపోవడమే ఆమె మనసులో భయమై కూర్చుంది. తను పడిపోతే ఆయన దిక్కులేనివాడవుతాడని. ఆ భయమే చివరికి ఆమెను తీసుకుపోయింది.

ఆషాఢం చివర చాల్‌లో జ్వరాలు వచ్చాయి. చిన్నమ్మకూ వచ్చింది. మర్నాడు సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి సీసా పెట్టినచోటే ఉంది. మరదలిని అడిగితే, పొద్దున కూడా రాలేదంది. పక్క ఖోలీలోకి పోయాను. చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఆయన చేతులు తుడుస్తోంది. మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చినదానిలా లోతుగా ఊపిరి తీస్తోంది. ఆ ఊపిరికి మగ్గిపోయిన పళ్ళ వాసన.

"సూది వేసుకున్నవా చిన్నమ్మా?"

"లేదు. తింటలేను కద. వట్టి కడుపుల పొడుసుకుంటే మల్ల పడిపోత. అగో, ఆయన గిలాస కొట్టుకుంట ఉండాలె."

"జ్వరమొస్తే తినకున్నా షుగరు పెరుగుతది. లే, దవాఖానకు పోదాం."

"రేపు పోదాం."

"రేపు కాదు, ఇప్పుడే."

"నేను పోతే ఈయన?"

"నేనుంట."

"నీకు బడి ఉన్నది."

"పోను. సెలవు పెడత."

ఆమె కదలలేదు. మంచం మీంచి చిన్నాయన అన్నాడు: "పోవే. నేను సచ్చేదుంటే నువ్వున్నా సస్త. పోవే, నీ కాల్మొక్త."

జ్వరం వస్తే ఒళ్ళు దాన్ని ఆపదగా తీసుకుంటుంది. మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు ఆపదకాలపు హార్మోనులను వదులుతాయి. ముద్ద నోట పెట్టకపోయినా రక్తంలో చక్కెర పెరుగుతూనే ఉంటుంది. ఇన్సులిన్ లేక ఆ చక్కెర కణాల్లోకి పోదు. అంత చక్కెర చుట్టూ ఉండగా ఒళ్ళు ఆకలితో మాడి, కొవ్వును కరిగించుకుంటుంది. అందులోంచి పుట్టే ఆమ్లం రక్తాన్ని పాడుచేస్తుంది. ఆ లోతైన ఊపిరి ఆ ఆమ్లాన్ని బయటికి తోయడానికి ఒళ్ళు చేస్తున్న ఆఖరి ప్రయత్నం. ఎవరూ చెప్పకుండానే, దానంతట అదే చేస్తున్నది.

తమ్ముడూ పక్కింటివాళ్ళూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చెక్కమెట్ల మీద దించారు. నేను మాట ఇచ్చాను కాబట్టి పైనే ఉండిపోయాను. మెట్ల మొదట్లో నిలబడి ఉంటే ఆమె గొంతు కింది నుంచి వస్తోంది. "ఎడమ దిక్కు పండవెట్టకు, ఆడ పుండు మానుతున్నది." ఒక అంతస్తు దిగాక, "సంచి మంచం కంటె కిందనే ఉండాలె." ఇంకో అంతస్తు దిగాక మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎక్కువైంది. "తాగిపిచ్చేటప్పుడు... తల లేపు..." తర్వాత ఏదో అంది, వానలో వినబడలేదు. నేను గట్టిగా "సరే చిన్నమ్మా" అన్నాను. ట్యాక్సీ తలుపు పడింది.

దవాఖానాలో వాళ్ళు చేయగలిగింది చేశారనే తమ్ముడు చెప్పాడు. సెలైన్లు, సూదులు, ముక్కుకు ఆక్సిజన్. కాసేపు తెలివి వచ్చింది. "ఇంట్ల కరెంటున్నదా?" అని అడిగిందట. ఉన్నది అంటే కళ్ళు మూసుకుంది. ఇంకో పగలు, ఇంకో రాత్రి గడిచి తెల్లవారుతుండగా పోయింది.

శవం వచ్చినప్పుడు కింద పెద్ద వాదన జరిగింది. ఆ ఇరుకు మెట్ల మీద శవాన్ని పైకి ఎక్కించడం ఎట్లా అని కొందరు, చూడకుండా ఆయన ఎట్లా అని కొందరు. చిన్నాయన "నన్ను దించుండ్రి" అన్నాడు. వెన్ను విరిగినప్పటి నుంచి దవాఖానాకు తప్ప ఆయన ఆ ఖోలీ వదిలి ఎప్పుడూ కిందికి దిగలేదు. చిన్నమ్మ పాత చీరతో ఆయనను కుర్చీకి కట్టి, నలుగురు పట్టుకుని దించారు. నేను సంచి పట్టుకుని వెనక నడిచాను. గల్లీలో వాన పడుతోంది. ఆయనను ఆమె పక్కన పెట్టారు. అందరూ ఆయన ఏదో అంటాడని, లేకపోతే గుండె పగిలేలా ఏడుస్తాడని చూస్తున్నారు.

"తడుస్తున్నది. కప్పుండ్రి" అన్నాడు.

ఎవరో ప్లాస్టిక్ కవరు తెచ్చి కప్పారు. ఆయన తను తడుస్తున్న సంగతి చూసుకోలేదు. చేతులు, దవడ వణుకుతున్నాయి, ఒళ్ళు మాత్రం కదలకుండా ఉంది. జల్దీ పైకి తీసుకుపోదామని నేనే తొందరపెట్టాను. ఆయన ఇంకాసేపు ఉండాలనుకున్నాడు. ఉండనివ్వలేకపోయాం.

కర్మలు అయ్యాయి. ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఆయనను పాలమూరు తీసుకుపోదామన్నారు. అక్కడ పైపు మార్చేవాళ్ళు ఎంత దూరంలో ఉన్నారో ఎవరూ చెప్పలేకపోయారు. ఆశ్రమాలకు ఫోన్లు చేశాం. ఇట్లాంటి కేసు మా వల్ల కాదన్నారు. "నన్ను ఏడనన్న ఇడిచిపెట్టుండ్రి" అంటాడు ఆయన, అన్నం పెడుతుంటే మధ్యలో. ఇప్పటికైతే అంతస్తులోని ఆడవాళ్ళం వంతులు వేసుకున్నాం. రాత్రిళ్ళు తమ్ముడు అక్కడే పడుకుంటున్నాడు. ఇంతమందిమి ఉండి ఆమె ఒక్కతి చేసిన పనికి అందుకోలేకపోతున్నాం. మానిన పుండు మళ్ళీ నోరు తెరిచింది. ఇట్లా ఎన్నాళ్ళు నడుస్తుందో నాకు తెలియదు. తెలుసునని చెప్పి దీన్ని ముగించలేను.

నిన్న బడి నుంచి తిన్నగా ఆయన దగ్గరికే పోయాను. ఆ వేళ ఉండవలసినామె బిడ్డ కోసం కిందికి దిగిందట. కిటికీలోంచి వానజల్లు మంచం చివర పడుతోంది. ఎప్పటి నుంచి పడుతోందో ఆయనకు తెలియదు. దుప్పటి తడిసి బరువెక్కింది. కిటికీ వేసి, దుప్పటి తీసి, పాదం పట్టుకున్నాను.

"సల్లగున్నదా?" అని అడిగాడు.

"ఉన్నది."

"మస్తు సల్లగనా?"

"మస్తు."

"రెండోది గూడ సూడు బిడ్డా" అన్నాడు.

రెండోదీ అలాగే ఉంది. మంచం చివర కూర్చుని, రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో చుట్టి రుద్దడం మొదలుపెట్టాను. చీకటి పడుతోంది, దీపం ఇంకా వేయలేదు. తన పాదాలకు ఏమవుతున్నదో తెలుసుకోవడానికి ఆయన నా ముఖంలోకి చూస్తూ ఉన్నాడు.